ఇన్‌లైన్ అసెంబ్లీ రాయమన్నప్పుడు ఏ కంపైలరో కూడా చెప్పండి మాస్టారూ

విశాఖ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్, ఎంబెడెడ్ ల్యాబ్ మాన్యువల్స్ తయారుచేసే మాస్టార్లకి, మేడమ్‌లకి, సిలబస్ మీద సంతకం పెట్టే బోర్డ్ ఆఫ్ స్టడీస్ పెద్దలకి,

నమస్కారమండీ. నేను ఆటోనగర్ వైపు ఒక చిన్న యూనిట్‌లో ఫర్మ్‌వేర్ రాసుకునేవాణ్ణి, మోటార్లకి కంట్రోల్ బోర్డులు చేస్తుంటాం, వేసవొస్తే మీ కాలేజీల పిల్లలే మా దగ్గరకి ఇంటర్న్‌షిప్‌కి వస్తారు. ఏ కాలేజీ అని పేరు రాయను, రాయాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే మాన్యువల్ అందరిదీ ఇంచుమించు ఒకటే, ఒకళ్ళ దగ్గర్నుంచి ఒకళ్ళు జెరాక్స్ తీయించుకున్నట్టే ఉంటుంది, స్క్రీన్‌షాట్‌లో ఆ టర్బో సీ నీలం రంగు కూడా అదే. పిల్లల మీద నాకేం కంప్లైంట్ లేదు, ఒకసారి చెప్తే పట్టేస్తారు, లేటయినా కూర్చుని పని చేస్తారు. నా గొడవల్లా ఒక్క చాప్టర్ మీదే. "సీలో ఇన్‌లైన్ అసెంబ్లీ" అని, అంటే సీ కోడ్ మధ్యలోనే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లు నేరుగా రాయడం గురించి, మీరు పెడుతున్న చాప్టర్.

ముందు ఆ హెడ్డింగ్ దగ్గరే ఆగుదాం. సీలో ఇన్‌లైన్ అసెంబ్లీ అనేదే లేదండి. సీ స్టాండర్డ్ తీసి కీవర్డ్ల లిస్టు చూడండి, ఇన్‌లైన్ అసెంబ్లీ మొదలుపెట్టడానికి రాసే ఏఎస్ఎం అనే మాట అందులో కనపడదు. వెనకాల అనుబంధం జే అని ఒకటుంది, అందులో "చాలా కంపైలర్లు సొంతంగా పెట్టుకునే ఎక్స్‌టెన్షన్లు" అనే భాగంలో దీన్ని ఒక ముక్కలో చెప్పి వదిలేశారు. సీ++ లో అయితే కీవర్డే, కానీ దాని లోపల ఏం రాయాలి, రాస్తే ఏమవ్వాలి అన్నది కంపైలర్ వాళ్ళ ఇష్టం. జీసీసీకి (సీ కోడ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చే ఉచిత కంపైలర్) స్టాండర్డ్ సీ99 లాగ కచ్చితంగా నడుచుకో అని ఫ్లాగ్ ఇచ్చి చూడండి, మామూలు ఏఎస్ఎం అన్న మాటని అసలు గుర్తే పట్టదు, ముందు రెండు వెనక రెండు అండర్‌స్కోర్లు పెట్టి రాయాల్సిందే. అంటే మీరు పిల్లలకి నేర్పుతున్నది సీలో ఒక ఫీచర్ కాదు, బోర్లాండ్ కంపెనీ తన కంపైలర్‌లో పెట్టుకున్న సొంత ఏర్పాటు. టర్బో సీ వచ్చింది 1987లో. ఆ ఏర్పాటు అప్పట్లో బ్రహ్మాండంగా ఉండేది, కాదనను, కానీ ఈ పిల్లలు ఆ కంపైలర్‌ని చూసేది మీ ల్యాబ్‌లో పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ లోపల మాత్రమే, గేటు దాటాక మళ్ళీ జన్మలో చూడరు.

ఇక్కడ మీరు అనేది నాకు తెలుసు, సింటాక్సే కదా బాబూ, కాన్సెప్ట్ వస్తే సింటాక్స్ అదే వస్తుంది అని. ఒప్పుకుందును, తేడా సింటాక్స్‌లో మాత్రమే ఉంటే. లేదండి. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

మీ ల్యాబ్‌లో ఉన్న ప్రోగ్రామే తీసుకుందాం, స్ట్రింగ్ కాపీ. ప్రాసెసర్ లోపలి చిన్న ఖానాలు, అంటే రిజిస్టర్లు తీసుకుని, ఎస్ఐలో సోర్స్ అడ్రస్, డీఐలో డెస్టినేషన్, సీఎక్స్‌లో ఎన్ని బైట్లో ఆ కౌంట్, డైరెక్షన్ ఫ్లాగ్ క్లియర్ చేసి రెప్ మూవ్‌ఎస్‌బీ (కౌంట్ అయ్యేదాకా బైటు బైటుగా కాపీ చేసే ఇన్‌స్ట్రక్షన్) కొడితే పని అయిపోతుంది. దీన్నే టర్బో సీలో ఒక ఏఎస్ఎం బ్లాకులో పెడితే కంపైలర్ ఆ బ్లాకుని చదువుతుంది, ఓహో ఇతను ఎస్ఐ, డీఐ వాడుతున్నాడు అని చూసుకుని ఆ ఫంక్షన్‌లో తన రిజిస్టర్ వేరియబుల్స్‌ని వాటిలో పెట్టుకోవడం మానేస్తుంది. విజువల్ సీ++ లో 32 బిట్‌కి రాస్తే అది కూడా బ్లాకు లోపలికి తొంగి చూస్తుంది, ఈఎస్ఐ, ఈడీఐ, ఈబీఎక్స్ వాడితే ఫంక్షన్ మొదట్లో దాచి చివర్లో తిరిగి పెట్టేస్తుంది. సీ వేరియబుల్ పేరు నేరుగా రాసినా దానికి అర్థమవుతుంది. ఈ రెండిట్లో చదువుకున్న పిల్లోడికి ఒక నమ్మకం ఏర్పడిపోతుంది, నేను అసెంబ్లీలో ఏం చేసినా కంపైలర్ చూసుకుంటుంది అని.

జీసీసీ చూసుకోదు. జీసీసీకి మనం కోట్స్ మధ్య ఇచ్చే ఆ అసెంబ్లీ అంతా ఒక స్ట్రింగ్, అంతే. అందులో రెప్ మూవ్‌ఎస్‌బీ ఉందో కాకరకాయ ఉందో దానికి అనవసరం. పర్సెంట్ గుర్తుల దగ్గర ఆపరాండ్లు నింపి, మిగతాది మక్కీకి మక్కీ అసెంబ్లర్‌కి పంపించేస్తుంది. అది చూసేదల్లా స్ట్రింగ్ తర్వాత కోలన్లు పెట్టి మనం రాసిచ్చే మూడు భాగాలే, ఏవి బయటికి వస్తాయి, ఏవి లోపలికి వెళ్తాయి, ఇవి కాక ఇంకా ఏవేవి చెడిపోతాయి. గోడౌన్‌లో సరుకు దించుకునే గుమస్తా లాంటిదది, చీటీ మీద ఏం రాసుంటే అదే ఖాతా పుస్తకంలో ఎక్కిస్తాడు, బస్తా విప్పి చూసే అలవాటు లేదు. చీటీలో ఎస్ఐ మారుతుంది అని రాయలేదనుకోండి, ఎస్ఐ మారలేదనే జీసీసీ లెక్క. మెమరీ మారుతుంది అని రాయలేదనుకోండి, మీరు కాపీ చేసిన బఫర్‌లో ఇంకా పాత విలువే ఉందనుకుని, తను ఇంతకుముందు రిజిస్టర్‌లోకి తెచ్చుకున్న పాత బైటునే వాడేసుకుంటుంది.

మరి ఇంటర్న్ రాసిన కోడ్ తన లాప్‌టాప్‌లో పని చేసిందే అంటారా? చేస్తుంది. ఆప్టిమైజేషన్ (కోడ్ వేగంగా నడిచేలా కంపైలర్ చేసే సవరణలు) ఆపేసి ఉన్నప్పుడు జీసీసీ ప్రతి వేరియబుల్‌ని స్టాక్ మీద పెట్టుకుని ప్రతిసారీ అక్కడి నుంచే తెచ్చుకుంటుంది, రిజిస్టర్లు ఏమైపోయినా దానికి పెద్ద ఫరక్ పడదు. అదే కోడ్‌ని ఓ2 (ఆప్టిమైజేషన్ గట్టిగా చేయమనే ఫ్లాగ్) పెట్టి రిలీజ్ బిల్డ్ చేసీమనండి, అప్పుడు మొదలవుతుంది జాతర. పాయింటర్ ఈఎస్ఐలో ఉందనుకుని దాన్నే తర్వాత లైన్‌లో వాడుతుంది, అది అప్పటికే బఫర్ చివరికి వెళ్ళిపోయి ఉంటుంది. క్రాష్ అయినా బాగుణ్ణు, తప్పుడు లెక్కతో నడుస్తూ ఉంటుంది. పిల్లోడు వచ్చి "కంపైలర్‌లో బగ్ ఉంది సర్" అంటాడు. వాడి తప్పు కాదది, వాడికి ఆ చీటీ సంగతి ఎవరూ చెప్పలేదు.

సరైన పద్ధతి చెప్పడానికి ఒక క్లాసు చాలు. ఎస్ఐ, డీఐ, సీఎక్స్ మూడిటినీ ప్లస్ గుర్తుతో ఇవ్వాలి, అంటే లోపలికి వెళ్ళేదీ అదే, మారి బయటికి వచ్చేదీ అదే అని. క్లాబర్ లిస్టులో, అంటే చెడిపోయేవి రాసే ఆ మూడో భాగంలో, మెమరీ అని రాయాలి. వోలటైల్ (దీన్ని తీసేయకు అని కంపైలర్‌కి చెప్పే మాట) అవసరమా కాదా అని ఆలోచించాలి, ఎందుకంటే అవుట్‌పుట్ ఉన్న ఏఎస్ఎం స్టేట్‌మెంట్‌కి వోలటైల్ పెట్టకపోతే, ఆ అవుట్‌పుట్ ఎవరూ వాడట్లేదని తేలితే జీసీసీ దాన్ని నిక్షేపంగా తీసి పారేస్తుంది, తీసేసే హక్కు దానికుంది. ఇన్‌పుట్‌గా మాత్రమే ఇచ్చిన రిజిస్టర్‌ని లోపల మార్చకూడదు. ఇన్‌పుట్లన్నీ చదవడం అయ్యేలోపే ఒక అవుట్‌పుట్ రిజిస్టర్‌లో రాసేస్తుంటే దానికి యాంపర్‌సాండ్ పెట్టాలి, లేకపోతే రెండిటికీ ఒకే రిజిస్టర్ ఇచ్చేస్తుంది. ఇవి అయిదూ తెలిసిన పిల్లోడిని నేను ఇంటర్వ్యూలో ఇంకేం అడగను, రేపొచ్చి జాయిన్ అయిపో అంటాను.

ఆపరాండ్ల వరస సంగతి కూడా ఒక ముక్క చెప్పేస్తాను. జీసీసీ మామూలుగా ఏటీ అండ్ టీ పద్ధతి, సోర్స్ ముందు, డెస్టినేషన్ వెనక. మీరు నేర్పిన ఇంటెల్ వరసలో ఏఎక్స్ ముందు బీఎక్స్ వెనక రాసి, ఎవరో చెప్పారని రెండిటికీ పర్సెంట్లు తగిలించేస్తే శుభ్రంగా అసెంబుల్ అయిపోతుంది, ఉల్టా పని చేస్తుంది. ఎర్రర్ రాదు. ఇంటెల్ వరస కావాలంటే ఫ్లాగ్ ఉంది కానీ అది ఫైల్ మొత్తానికీ వర్తిస్తుంది, ఆ ఫైల్ ఇన్‌క్లూడ్ చేసుకున్న హెడర్‌లో ఎక్కడో ఏటీ అండ్ టీ ముక్క ఒకటి ఉంటే అది అక్కడ విరుగుతుంది.

విండోస్ సంగతికొస్తే ఇంకో కథ. మీలో కొంతమంది టర్బో సీ పాతబడిపోయిందని గ్రహించి విజువల్ స్టూడియోకి మారారు, సంతోషం. కానీ మాన్యువల్‌లో మాత్రం అదే ఏఎస్ఎం బ్లాకు ఉంచేశారు. విజువల్ సీ++ లో ఇన్‌లైన్ అసెంబ్లీ 32 బిట్ ఎక్స్86కే ఉంది, 64 బిట్‌కి లేదు, ఆర్మ్ ప్రాసెసర్లకి లేదు. తర్వాత వస్తుందేమో అని ఎదురుచూసే రకం కాదిది, మైక్రోసాఫ్ట్ కావాలనే తీసేసింది. 64 బిట్ బిల్డ్ పెట్టగానే సీ4235 అని వార్నింగ్ కొట్టి, ఈ ఆర్కిటెక్చర్‌లో ఈ కీవర్డ్ నడవదు అని చెప్తుంది, దాని వెనకాలే ఎర్రర్ల వర్షం. అప్పుడు పిల్లలు ఏం చేస్తారంటే పైన డ్రాప్‌డౌన్‌లో 64 తీసేసి 86 పెట్టీసి అవుట్‌పుట్ చూపించి సైన్ చేయించుకుంటారు. ల్యాబ్ ఇన్‌చార్జి కూడా అమ్మయ్య అనుకుంటారు. తమాషా ఏటంటే ఆ వార్నింగ్ దగ్గరే అసలు పాఠం ఉంది, ఎందుకు తీసేశారు, దాని బదులు ఏం ఇచ్చారు అని. బదులు ఇచ్చినవి ఇంట్రిన్సిక్స్, అంటే ఫంక్షన్‌లా పిలిస్తే కంపైలరే ఆ ఇన్‌స్ట్రక్షన్ పెట్టేసేవి, అవి కాదంటే మైక్రోసాఫ్ట్ అసెంబ్లర్ మాస్మ్‌తో వేరే ఫైల్. దాని గురించి కింద చెప్తాను.

64 బిట్ అన్నాను కాబట్టి రెండు పాత గాయాలు కూడా చెప్పుకోవాలి, ఇవి ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళందరికీ తెలిసినవే. ఒకటి టైమ్‌స్టాంప్ కౌంటర్ చదివే ఆర్‌డీటీఎస్‌సీ. 32 బిట్ జీసీసీలో క్యాపిటల్ ఏ అనే కన్‌స్ట్రెయింట్ పెడితే ఈడీఎక్స్, ఈఏఎక్స్ జంటని కలిపి 64 బిట్ల విలువగా ఇస్తుంది. ఇంటర్నెట్‌లో సగం కోడ్ ఇలాగే ఉంటుంది. అదే లైన్‌ని 64 బిట్‌కి కంపైల్ చేస్తే అదే అక్షరానికి అర్థం మారిపోతుంది, ఆర్‌ఏఎక్స్ కానీ ఆర్‌డీఎక్స్ కానీ ఏదో ఒకటి అని అవుతుంది, సగం విలువ గాల్లో కలిసిపోతుంది. కంపైలర్ మారలేదు, కోడ్ మారలేదు, టార్గెట్ మారింది అంతే. రెండోది రెడ్ జోన్. లినక్స్‌లో 64 బిట్ ఏబీఐ (ఫంక్షన్లు రిజిస్టర్లని, స్టాక్‌ని ఎలా వాడాలో చెప్పే ఒప్పందం) ప్రకారం స్టాక్ పాయింటర్ కింద 128 బైట్లు లీఫ్ ఫంక్షన్లు, అంటే ఇంకో ఫంక్షన్‌ని పిలవనివి, చెప్పాపెట్టకుండా వాడుకోవచ్చు. మనవాడు అలవాటు ప్రకారం ఏఎస్ఎం లోపల పుష్ కొట్టి పని చేసి పాప్ కొడతాడు, ఎంత మర్యాదగా తీసినవి తీసినట్టు పెట్టేశానో చూడండి అనుకుంటాడు, ఆ పుష్ పోయి కంపైలర్ అక్కడ దాచుకున్న లోకల్ వేరియబుల్ మీద పడుతుంది. విండోస్ 64 బిట్‌లో రెడ్ జోన్ లేదు, అక్కడ బతికిపోతాడు. లినక్స్ కెర్నెల్ వాళ్ళు అసలు రెడ్ జోనే వద్దని ఫ్లాగ్ పెట్టి బిల్డ్ చేసుకుంటారు.

ఇంకా ఉన్నాయి, 32 బిట్ షేర్డ్ లైబ్రరీల్లో ఈబీఎక్స్ ముట్టుకోనివ్వకపోవడం, అది జీసీసీ 5 వచ్చాక సర్దుకుంది. లేబుల్ పేరు పెడితే ఫంక్షన్ రెండు చోట్ల ఇన్‌లైన్ అయ్యి ఒకే లేబుల్ రెండుసార్లు వచ్చిందని అసెంబ్లర్ అరవడం. అన్నీ రాస్తే ఉత్తరం కాస్తా పుస్తకమైపోద్ది.

ఎంబెడెడ్ ల్యాబ్‌కి వద్దాం, నా అసలు బాధ అక్కడే. 8051 మైక్రోకంట్రోలర్ మీద మీకున్న మమకారం నాకూ ఉంది, 1980 నాటి చిప్ ఇప్పటికీ దాని వారసులు దొరుకుతూనే ఉన్నారు. ల్యాబ్‌లో కీల్ సీ51 కంపైలర్ వాడతారు, ఇంటికెళ్ళి పిల్లలు ఫ్రీగా వచ్చే ఎస్‌డీసీసీ కంపైలర్ వేసుకుంటారు. కీల్‌లో ప్రాగ్మా ఏఎస్ఎం, ప్రాగ్మా ఎండ్ ఏఎస్ఎం మధ్యలో రాయాలి, పైగా ఆ ఫైల్‌కి అసెంబ్లీ సోర్స్ పుట్టించు, దాన్ని మళ్ళీ అసెంబుల్ చెయ్ అని రెండు ఆప్షన్లు టిక్ పెట్టాలి. ఎస్‌డీసీసీలో అండర్‌స్కోర్లతో ఏఎస్ఎం, ఎండ్ ఏఎస్ఎం. ఇంతవరకు అయితే వెతికి మార్చేసుకోవచ్చు. కానీ ఫంక్షన్‌కి ఒక క్యారెక్టర్ పారామీటర్‌గా పంపిస్తే కీల్ దాన్ని ఆర్7 రిజిస్టర్‌లో పెడుతుంది, ఎస్‌డీసీసీ డీపీఎల్‌లో పెడుతుంది. రిటర్న్ కూడా అంతే, అక్కడ ఆర్7, ఇక్కడ డీపీఎల్. రెండో క్యారెక్టర్ కీల్‌లో ఆర్5కి పోతే ఎస్‌డీసీసీలో మెమరీకి పోతుంది. ఇది ఏ పాఠంలోనూ చెప్పరు, పిల్లోడు మాత్రం ఆర్7 లోంచి చదివి పోర్టుకి పంపిస్తాడు, ఎల్ఈడీ తన ఇష్టమొచ్చినట్టు వెలుగుద్ది, బ్రెడ్‌బోర్డు వైర్లు పీకి మళ్ళీ పెడుతూ కూర్చుంటాడు. చిప్ అదే, ఇన్‌స్ట్రక్షన్ సెట్ అదే, డేటాషీట్ అదే. మారింది కంపైలర్ మాత్రమే. ఇన్‌లైన్ అసెంబ్లీ గురించి చెప్పాలంటే ఇంతకన్నా మంచి ఎక్స్‌పరిమెంట్ ఏం కావాలండీ, మీ చేతిలోనే ఉంది, బోర్డు కొనక్కర్లేదు, సిమ్యులేటర్‌లో చూపించొచ్చు.

ఆర్మ్ మీద అయితే ఇది ఇప్పుడు అందరికీ తప్పని తద్దినం. కీల్ వాళ్ళ ఆర్మ్ టూల్ ప్యాకేజీ ఎండీకేలో ఇన్నాళ్ళూ ఆర్మ్ కంపైలర్ 5 ఉండేది, ఎండీకే 5.37 నుంచి అది ఇన్‌స్టాలర్‌తో రావడం ఆగిపోయింది, ఇక కంపైలర్ 6 వాడుకోమన్నారు. 6 అన్నది 5కి తమ్ముడు కాదు, ఎల్ఎల్‌వీఎం, క్లాంగ్ అనే ఇంకో ఉచిత కంపైలర్ వంశం, ఇన్‌లైన్ అసెంబ్లీ మొత్తం జీసీసీ పద్ధతి. 5లో బ్రేసులు పెట్టి లోపల ఆర్0, ఆర్1 అని రాసేవాళ్ళం, దానిలో ఒక విచిత్రం ఉండేది, ఆ ఆర్0 నిజం ఆర్0 కాదు. కంపైలర్ దాన్ని ఆ పేరుతో ఉన్న ఒక వేరియబుల్‌లాగ చూసుకుని తనకి ఖాళీగా ఉన్న రిజిస్టర్ ఏదో ఇచ్చేది. అంటే పాత కోడ్‌లో ఆర్0 కనబడితే రాసినవాడు నిజంగా ఆర్0 కావాలనుకున్నాడా, ఊరికే ఏదో ఒక రిజిస్టర్ అనుకున్నాడా అనేది కోడ్ చదివి కనుక్కోవాలి, స్క్రిప్ట్ రాసి మార్చేసే పని కాదు. ఫంక్షన్ మొత్తం అసెంబ్లీలో రాసుకునే ఎంబెడెడ్ అసెంబ్లర్ అని ఇంకోటుండేది, అక్కడ మాత్రం ఆర్0 అంటే ఆర్0యే. ఒకే కంపైలర్‌లో ఒకే పేరుకి రెండు అర్థాలు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ పాత కంపైలర్లలో ఇంకో ముచ్చట, కోట్ తర్వాత ఒక ఖాళీ వదిలి ఇన్‌స్ట్రక్షన్ రాయాలి, వదలకపోతే మొదటి కాలమ్‌లో ఉందని దాన్ని లేబుల్ అనుకుంటుంది. ఏమీ చేయని నోఆప్ ఇన్‌స్ట్రక్షన్ కాస్తా నోఆప్ అనే లేబుల్! నవ్వొస్తుంది కానీ మొదటిసారి తగిలినప్పుడు ఎవరూ నవ్వరు.

మరి ఇన్ని కంపైలర్ల మధ్య లోకం ఎలా నడుస్తోంది? దానికి మీ ల్యాబ్‌లోనే జవాబుంది, పిల్లలు రోజూ ఇన్‌క్లూడ్ చేస్తున్నారు కూడా, తెరిచి చూడరు అంతే. సిమ్‌సిస్ హెడర్ ఫైళ్ళు, ఆర్మ్ చిప్‌ల కోసం ఆర్మ్ వాళ్ళే ఇచ్చే ఉమ్మడి ఫైళ్ళు. ఇంటరప్టులు (నడుస్తున్న పనిని ఆపి ప్రాసెసర్‌ని పిలిచే సిగ్నళ్ళు) ఆపడానికి డిసేబుల్ ఐఆర్‌క్యూ అని ఒక ఫంక్షన్ పిలుస్తారు. ఆ పేరు వెనకాల కంపైలర్‌కో ఫైల్ ఉంటుంది, ఆర్మ్ 5కి ఒకటి, ఆర్మ్ క్లాంగ్‌కి ఒకటి, జీసీసీకి ఒకటి, ఐఏఆర్ కంపైలర్‌కి ఒకటి. మధ్యలో ఇంకో హెడర్ కూర్చుని ఇప్పుడు ఏ కంపైలర్ నడుస్తోందో చూసి సరైన ఫైల్ లాగుతుంది. జీసీసీ ఫైల్ తీసి ఆ ఒక్క లైన్ చూపించండి క్లాసులో, సీపీఎస్ఐడీ ఐ అనే ఇన్‌స్ట్రక్షన్, మూడు కోలన్లు, చివర్లో మెమరీ అని క్లాబర్. ఆ చివరి మాట ఎందుకుందో అడగండి. అది లేకపోతే ఇంటరప్టులు ఆపాక చేయాల్సిన మెమరీ రాతని కంపైలర్ ఇంటరప్టులు ఆపకముందుకి జరిపేయొచ్చు, క్రిటికల్ సెక్షన్ (మధ్యలో ఎవరూ దూరకూడని కోడ్ భాగం) అని మనం గీసుకున్న గీత దానికి కనపడదు. ఒక్క లైన్ మీద గంట క్లాసు చెప్పొచ్చు మాస్టారూ, నేను చెప్పాను, బోర్ కొట్టలేదు ఎవరికీ.

జీసీసీ, క్లాంగ్ రెండూ ఒకటే కదా అని కొందరు అనుకుంటారు. చాలావరకు ఒకటే, క్లాంగ్ వాళ్ళు కావాలనే జీసీసీ పద్ధతిని అనుసరించారు, విజువల్ సీ పద్ధతి బ్రేసుల్ని కూడా ఫ్లాగ్ పెడితే ఒప్పుకుంటుంది, ఓపికమంతురాలు. కానీ క్లాంగ్ మామూలుగా తన సొంత అసెంబ్లర్‌తో ఆ స్ట్రింగ్‌ని చదివేస్తుంది, కాబట్టి జీసీసీ వెనకాల ఉండే గ్నూ అసెంబ్లర్ చూసీచూడనట్టు వదిలేసే రాతలు కొన్ని ఇక్కడ పట్టుబడతాయి. ఇంకో పెద్ద ఉదాహరణ ఏఎస్ఎం గోటో, అసెంబ్లీ లోంచి సీ లేబుల్‌కి దూకడం. జీసీసీలో 2010లో 4.5 వెర్షన్‌తో వచ్చింది, క్లాంగ్‌లో 2019లో 9వ వెర్షన్‌కి గానీ రాలేదు. మధ్యలో ఎక్స్86 లినక్స్ కెర్నెల్ వాళ్ళు ఇది ఉండి తీరాలి అనేసరికి క్లాంగ్‌తో కెర్నెల్ బిల్డ్ చేసుకునేవాళ్ళు ఇరుక్కుపోయారు. ప్రపంచంలో అంత పేరున్న రెండు కంపైలర్ల మధ్యే ఇలా ఉంటే మన మాన్యువల్‌లో "దీన్ని ఏ సీ కంపైలర్‌లోనైనా రన్ చేయవచ్చు" అని రాసున్న వాక్యం చూస్తే నాకు ఏమనిపిస్తుందో మీరే ఊహించుకోండి. అవును, ఆ వాక్యం నిజంగా ఉంది, నేను చూసిన ఒక మాన్యువల్‌లో.

ఇప్పుడు నాకేం కావాలో చెప్తాను. ఇన్‌లైన్ అసెంబ్లీ తీసేయమని కాదు, తీసేస్తే నాకే నష్టం. మొట్టమొదట పిల్లలకి అసలు అది అవసరమా అని అడగడం నేర్పండి. బైట్లు తిప్పడానికి, బిట్లు లెక్కపెట్టడానికి, రొటేట్ చేయడానికి అసెంబ్లీ రాసే రోజులు పోయాయి. షిఫ్ట్ ఇటు, షిఫ్ట్ అటు, మధ్యలో బిట్‌వైజ్ ఆర్ (OR) పెట్టి మామూలు సీలో రాస్తే జీసీసీ, క్లాంగ్, విజువల్ సీ మూడూ దాన్ని గుర్తుపట్టి ఒకే రొటేట్ ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చేస్తాయి. లాక్ చేసి ఒక వేరియబుల్ పెంచడానికి సీ11 నుంచి స్టాండర్డ్ అటామిక్స్ (మధ్యలో ఎవరూ అడ్డురాకుండా ఒకే దెబ్బలో అయ్యే ఆపరేషన్లు) ఉన్నాయి. ఇందాకటి టైమ్‌స్టాంప్ కౌంటర్‌కి ఇంట్రిన్సిక్ ఉంది, విండోస్‌లో ఒక హెడర్, జీసీసీ, క్లాంగ్‌లకి ఇంకో హెడర్, ఫంక్షన్ పేరు మాత్రం మూడిట్లో ఒకటే. ఇంట్రిన్సిక్ వాడితే లోపల ఏం జరుగుతోందో కంపైలర్‌కి తెలుస్తుంది, చీటీ రాసే పని మనకుండదు, తప్పు రాసే అవకాశమూ ఉండదు.

ఇవేవీ కుదరని చోట, పెద్ద రొటీన్ అయితే వేరే అసెంబ్లీ ఫైల్‌లో పెట్టించండి. అదీ పూర్తిగా పోర్టబుల్ అని నేను చెప్పను, 64 బిట్ లినక్స్‌లో మొదటి పారామీటర్ ఆర్‌డీఐలో వస్తే విండోస్‌లో ఆర్‌సీఎక్స్‌లో వస్తుంది, అసెంబ్లర్ల రాత కూడా వేరు. కానీ అక్కడ నియమాలు ఏబీఐ డాక్యుమెంట్‌లో రాసిపెట్టి ఉన్నాయి, ఆప్టిమైజర్ వచ్చి మన ఫంక్షన్ మధ్యలో వేలు పెట్టదు. ఇన్‌లైన్ అన్నది ఒకటి రెండు ఇన్‌స్ట్రక్షన్ల పనికే, అదీ ఒక హెడర్‌లో దాచి, కంపైలర్‌కో ముక్క రాసి, తెలియని కంపైలర్ వస్తే కంపైల్ కాకుండా ఎర్రర్ కొట్టించేలా.

ఖర్చు సంగతి ఎత్తుతారేమో, ఏం ఖర్చండీ, జీసీసీ ఫ్రీ, క్లాంగ్ ఫ్రీ, ఎస్‌డీసీసీ ఫ్రీ, ఉబుంటు వేసిన సిస్టమ్‌లు ఇప్పటికే మీ డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో ఉన్నాయి. ఇంకో మాట అంటారు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చినప్పుడు అవుట్‌పుట్ రావాలి, మార్కులు అవుట్‌పుట్‌కే, పిల్లలు ఫెయిలైతే మమ్మల్ని అడుగుతారు అని. ఇది నిజమైన ఇబ్బందే, వెటకారం చేయను. ఒక సెమిస్టర్లో ముప్పై మందున్న బ్యాచ్‌కి అందరి కోడూ చదివి సైన్ పెట్టడం ఎంత కష్టమో బయటోళ్ళకి తెలీదు. అందుకే అడిగేది చిన్నది. ఒక్క ఎక్స్‌పరిమెంట్ మార్చండి. అదే స్ట్రింగ్ కాపీ ఉంచండి, కానీ జీసీసీలో ఒకసారి ఆప్టిమైజేషన్ లేకుండా, ఒకసారి ఓ2తో కంపైల్ చేసి రెండు అవుట్‌పుట్లూ రికార్డులో అతికించమనండి. తర్వాత అదే ఫైల్ క్లాంగ్‌తో. ఫస్ట్ టైమ్ అందరికీ సరిగ్గా వచ్చేస్తే ఏం గొడవ లేదు, కొందరికి తేడా వస్తుంది, ఎందుకు వచ్చిందో మైనస్ ఎస్ ఫ్లాగ్ పెట్టి పుట్టిన అసెంబ్లీ తీసి చూడమనండి. వైవాలో "రెప్ మూవ్‌ఎస్‌బీ అంటే ఏమిటి" బదులు "నీ క్లాబర్ లిస్టులో మెమరీ ఎందుకు రాశావు" అని అడగండి. అవుట్‌పుట్ రాని పిల్లోడు కారణం చెప్పగలిగితే వాడికి మార్కులు వేయండి, నా వోటు వాడికే.

ఇంకోటి కూడా ఆలోచించండి. ఐఐటీ మద్రాస్ వాళ్ళ శక్తి, సీడాక్ వాళ్ళ వేగా, ఇవన్నీ రిస్క్ ఫైవ్ అనే వేరే ఇన్‌స్ట్రక్షన్ సెట్ మీద కట్టిన ప్రాసెసర్లు. రేపు ఈ పిల్లలకి అలాంటి బోర్డు ఒకటి చేతికొస్తే 8086 రిజిస్టర్ల పేర్లు ఎందుకూ పనికిరావు, ఇన్‌పుట్, అవుట్‌పుట్, క్లాబర్ అని రాసే ఆ చీటీ పద్ధతి మాత్రం అలాగే పనికొస్తుంది, ఎందుకంటే అక్కడున్నదీ జీసీసీ, క్లాంగులే.

టర్బో సీని పూర్తిగా వదలడం ఇష్టం లేకపోతే ఉంచుకోండి, దాని మీద నాకు కోపమేమీ లేదు, కాకపోతే ఆ చాప్టర్ పేరు "టర్బో సీ++ లో ఇన్‌లైన్ అసెంబ్లీ, 16 బిట్, డాస్" అని మార్చండి. దాని కింద ఇంట్ 21హెచ్ అనేది డాస్‌ని పిలవడం, ప్రాసెసర్ సర్వీసు కాదు, లినక్స్‌లో పిలిస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తుంది అని ఒక్క లైన్ రాయండి. ఆ ఒక్క లైన్ ఉంటే మా దగ్గరకొచ్చే పిల్లల మొదటి వారం మిగులుతుంది.

మాన్యువల్ మార్చే పని మొదలుపెడితే కబురు చేయండి, ఆదివారం కాకుండా ఏ సాయంత్రమైనా మద్దిలపాలెం అయినా మధురవాడ అయినా వస్తాను. ఆర్మ్ బోర్డులు, 8051 బోర్డులు నేనే తెస్తాను. డాస్‌బాక్స్ లేని సిస్టమ్ ఒకటి రెడీగా ఉంచండి, ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంటుందో ముందే కనుక్కోండి.

ఇట్లు,
మీ పిల్లలకి వేసవిలో పని చెప్పే ఒక ఫర్మ్‌వేర్ వాడు,
ఆటోనగర్, విశాఖపట్నం